వైల్డ్‌క్యాట్ తూటాను సొంతంగా లోడ్ చేసి వేటకు తీసుకెళ్లడం ఎలా

ఏ కంపెనీ పెట్టెల్లో పెట్టి అమ్మని, ఏ సంస్థా కొలతలు ఖరారు చేయని తూటాను వైల్డ్‌క్యాట్ అంటారు. బజార్లో దొరికే కేస్ (తూటా ఇత్తడి గొట్టం) ఒకటి తీసుకుని దాని నెక్ (బులెట్‌ను పట్టుకునే మెడ) సన్నం చేసో, వెడల్పు చేసో, షోల్డర్ (ఒళ్లు మెడలోకి సన్నబడే భుజం) కోణం మార్చో కొత్త తూటాను పుట్టిస్తారు. ఇప్పుడు మామూలుగా దొరికే తూటాల్లో కొన్ని ఇలా పుట్టినవే. రెమింగ్టన్ కంపెనీ .22-250ని 1965లో, .25-06ను 1969లో, .35 వీలెన్‌ను 1988లో తన జాబితాలో చేర్చుకుంది. అంతకు ముందు దశాబ్దాల పాటు అవి గన్‌స్మిత్‌ల (తుపాకుల పనివాళ్ల) బెంచీల మీదే బతికాయి. .25-06 అయితే .30-06 కేస్ నెక్‌ను .257 అంగుళాల బులెట్‌కు సరిపడా నొక్కడమే, అంతకు మించి అందులో పెద్ద మార్పేమీ లేదు.

మామూలు తూటాకు ఎవరో ల్యాబ్‌లో ప్రెషర్ కొలిచి, మాన్యువల్ రాసి పెట్టి ఉంటారు. వైల్డ్‌క్యాట్‌కు ఆ పని మనమే చేసుకోవాలి. ఛాంబర్ (బ్యారెల్లో తూటా కూర్చునే గది) ఎంత, నెక్ మందం ఎంత, కేస్‌లో ఎన్ని గ్రెయిన్ల (మందు, బులెట్ తూచే చిన్న కొలమానం) నీళ్లు పడతాయి, బులెట్ ఎంత వేగంతో బయటికొస్తోంది అనేవన్నీ మన చేత్తో కొలిచి, మన నోటుబుక్కులో రాసుకోవాల్సినవి. "ఇంతే ఉంటుందిలే" అనుకుని వదిలేసిన కొలతే ఈ పనిలో ప్రమాదం తెస్తుంది.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు. మీరు ఉండే చోట రైఫిల్ లైసెన్సు, రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం), వేట, ఈ మూడూ చట్టం ఒప్పుకుంటేనే ఇందులోకి దిగండి. వేటకు కనీస క్యాలిబర్ ఎంత, ఏ జంతువుకు ఏ సీజన్ అనేవి చోటును బట్టి మారతాయి. రెండోది, మామూలు తూటాలను మాన్యువల్ ప్రకారం కొన్నేళ్లు లోడ్ చేసిన అనుభవం ఉండాలి. ప్రెస్ ముందు మొదటిసారి కూర్చునేవాళ్లు వైల్డ్‌క్యాట్‌తో మొదలుపెట్టకూడదు.

ముందు లాభం ఎంతో లెక్క వేసుకోండి

చాలామంది వైల్డ్‌క్యాట్ వైపు వచ్చేది వేగం కోసం. "కేస్ పెద్దదైంది, సెకనుకు ఇంకో రెండు వందల అడుగులు వస్తాయి" అని ఎవరో చెబుతారు. నమ్మే ముందు ఒక చిన్న లెక్క చేయండి. ప్రెషర్ మారకుండా ఉంటే, కేస్ సామర్థ్యం ఎంత శాతం పెరిగిందో వేగం దాదాపు అందులో నాలుగో వంతు శాతమే పెరుగుతుంది. 68 గ్రెయిన్ల నీళ్లు పట్టే కేస్‌ను ఫైర్ ఫార్మ్ చేస్తే, అంటే కొత్త ఛాంబర్లో పేల్చి ఉబ్బిస్తే, 72 పట్టిందనుకోండి. పెరిగింది దాదాపు 6 శాతం. వేగం పెరిగేది ఒకటిన్నర శాతం. సెకనుకు 2,900 అడుగులకు అది 43 అడుగులు. అంతకంటే చాలా ఎక్కువ వచ్చిందంటే అది కేస్ ఆకారం గొప్పతనం కాదు, ప్రెషర్ ఎక్కువైందని అర్థం.

అయితే ఎందుకు చేయాలి? నా వరకు కారణాలు వేరే ఉన్నాయి. గన్‌స్మిత్ పార్కర్ ఓట్టో యాక్లీ పేరుతో వచ్చిన ఇంప్రూవ్డ్ (పేల్చి ఉబ్బించి సామర్థ్యం పెంచిన) కేసుల్లో షోల్డర్ 40 డిగ్రీల వరకు నిటారుగా ఉంటుంది, ఒంటి వాలు తక్కువ. .30-06 కుటుంబంలో ఆ కోణం పదిహేడున్నర డిగ్రీలే. నిటారు షోల్డర్ ఉన్న కేస్ పేల్చినప్పుడు ముందుకు సాగడం తక్కువ, మాటిమాటికీ కత్తిరించాల్సిన పని తగ్గుతుంది. మరీ అత్యవసరమైతే మాతృ తూటాను, అంటే ఏ తూటా కేస్ నుంచి ఇది పుట్టిందో దాన్ని, అదే రైఫిల్లో పేల్చుకోవచ్చు. అన్నిటికీ మించి, ఒక రైఫిల్‌కు ఒక తూటాను మొదటి నుంచీ మన చేతుల మీదుగా తయారుచేసుకోవడంలో ఉన్న ఇష్టం. అది చాలదా అంటే నాకు చాలు.

ఛాంబర్‌ను చేతిలోకి తీసుకుని కొలవండి

బ్యారెల్‌కు ఛాంబర్ వేసే పని అర్హత ఉన్న గన్‌స్మిత్‌కే వదలండి. కానీ పని అయ్యాక ఆయన్ని మూడు అడగండి: రీమర్ (ఛాంబర్ కోసే పనిముట్టు) డ్రాయింగ్ కాపీ, ఆ రీమర్‌తో కోసిన డమ్మీ ఛాంబర్ ముక్క కుదిరితే అది, హెడ్‌స్పేస్ (ఛాంబర్‌ను వెనక మూసే బోల్ట్ నుంచి, కేస్‌ను ఆపే షోల్డర్ దాకా ఉన్న దూరం) ఏ గేజ్‌తో పెట్టారన్న వివరం. ఒకే పేరున్న వైల్డ్‌క్యాట్‌కు ఇద్దరు గన్‌స్మిత్‌ల రీమర్లు రెండు రకాలుగా ఉండొచ్చు. .280 యాక్లీ ఇంప్రూవ్డ్ లాంటిది తర్వాత సామి (అమెరికాలో తుపాకులు, తూటాల కొలతలు ఖరారు చేసే సంస్థ) ప్రమాణాల్లో చేరినా, అంతకు ముందు కోసిన ఛాంబర్లు చాలా వాడకంలో ఉన్నాయి. బ్యారెల్ మీద చెక్కిన పేరు చూసి కొలతలు ఊహించుకోకండి.

పాత రైఫిల్ కొన్నా, డ్రాయింగ్ దొరకకపోయినా ఛాంబర్ కాస్ట్ తీయండి. దీనికి సెరోసేఫ్ అనే లోహం వాడతారు. అది 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్యే కరిగిపోతుంది. ఛాంబర్‌ను నూనె లేకుండా తుడిచి, బ్యారెల్లో ఛాంబర్‌కు ఒక అంగుళం ముందు బిగుతుగా గుడ్డ పెట్టి, కరిగిన లోహాన్ని మెల్లగా పోయాలి. గట్టిపడ్డాక ఎక్కువసేపు ఆగకుండా ముందు నుంచి రాడ్‌తో నెమ్మదిగా తోస్తే ఛాంబర్ అచ్చు బయటికి జారుతుంది. చల్లని వెండి రంగులో, రీమర్ గీతలతో సహా కనిపించే ఆ ముక్కను మొదటిసారి చేతిలో పట్టుకున్నప్పుడే నా రైఫిల్ నాకు నిజంగా తెలిసిందనిపించింది. కొలవడానికి తొందరపడకండి. సెరోసేఫ్ మొదట కుంచించుకుపోయి, మళ్లీ పెరుగుతుంది. పోసిన గంటకు దాని కొలత ఛాంబర్ అసలు కొలతకు సమానమవుతుంది. గడియారం చూసుకుని అప్పుడు మైక్రోమీటర్ పట్టండి. నెక్ వ్యాసం, నెక్ పొడవు, షోల్డర్ దగ్గర వ్యాసం, మొదటి పేజీలో ఇవి రాయండి.

కేస్ తయారీ

ఒకే కంపెనీ, ఒకే లాట్ కేసులు కొనండి. కంపెనీని బట్టి గోడ మందం మారుతుంది, దాంతో లోపలి సామర్థ్యం మారుతుంది. అందుకే ఒక కంపెనీ కేస్‌కు కుదిరిన లోడ్ ఇంకో కంపెనీ కేస్‌లో ప్రెషర్ దాటొచ్చు.

నెక్‌ను సన్నం చేయాలంటే ఒక్క దెబ్బలో చేయకండి. .30 నుంచి .25కు దిగాలంటే మధ్యలో .28 లాంటి ఒక మెట్టు పెట్టుకుంటే కేసులు ముడతలు పడవు. లూబ్ (జారుడు జిడ్డు) పల్చగా, అన్ని వైపులా సమానంగా పూయాలి. ఎక్కువైతే షోల్డర్ మీద సొట్టలు పడతాయి, తక్కువైతే కేస్ దాన్ని నొక్కే అచ్చులో, అంటే డైలో, ఇరుక్కుపోతుంది. పని అయ్యాక లూబ్ మొత్తం తుడిచేయాలి. జిడ్డున్న కేస్ పేలినప్పుడు ఛాంబర్ గోడను పట్టుకోదు, ఆ తోపుడంతా బోల్ట్ మీద పడుతుంది.

ఇక్కడ నెక్ మందం గురించి కాస్త ఆగి చెప్పాలి. నెక్‌ను సన్నం చేస్తే ఇత్తడి ఎక్కడికీ పోదు, గోడలోకే చేరి మందమవుతుంది. మీ ఛాంబర్ నెక్ .290 అంగుళాలు అనుకోండి. బులెట్ .257. నెక్ గోడ .015 ఉంటే రెండు వైపులా కలిపి .030. లోడ్ చేసిన తూటా నెక్ .287 అవుతుంది, ఛాంబర్‌కు .003 అంగుళాల, అంటే మూడు వేల వంతుల, ఖాళీ మిగులుతుంది. బాగుంది. అదే గోడ .017 అయితే? .257కు .034 కలిపితే .291. ఛాంబర్ కంటే తూటానే పెద్దది! బోల్ట్ కాస్త బలంగా నొక్కితే అది లోపలికి వెళ్లిపోవచ్చు కూడా. కానీ పేలినప్పుడు బులెట్‌ను వదలడానికి నెక్ విచ్చుకునే చోటు ఉండదు, ప్రెషర్ ఒక్కసారిగా ఎగిరిపోతుంది.

ఇది నాకు జరిగిన విషయం. మొదట్లో నేను నాలుగు కేసులు కొలిచి, మిగతావీ అంతే అనుకున్నాను. పేల్చిన ఏడో తూటాకు బోల్ట్ పైకి లేవలేదు. అరచేత్తో రెండుసార్లు కొడితే గానీ రాలేదు. ప్రైమర్ (మందును అంటించే చిన్న టోపీ) చదునుగా అతుక్కుపోయి, కేస్ అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ను బయటికి తోసే భాగం) రంధ్రం గుర్తు మెరుస్తూ పడింది. మిగతా కేసుల్ని ఇంటికి తెచ్చి కొలిస్తే మూడింటి నెక్‌లు మందంగా తేలాయి. ఆ రోజు నుంచి ప్రతి కేస్‌నూ కొలుస్తాను, నాలుగైదు చూసి ఊరుకోవడం మానేశాను. మందం ఎక్కువైతే నెక్ టర్నింగ్ పరికరంతో బయటి నుంచి సమానంగా చెక్కండి. డమ్మీ తూటా ఒకటి, మందు, ప్రైమర్ లేకుండా చేసి, నెక్‌ను మూడు చోట్ల కొలవండి. వేట రైఫిల్‌కు ఛాంబర్ కంటే కనీసం మూడు వేల వంతులు తక్కువ ఉండాలన్నది నా నియమం.

నెక్ అడుగున, షోల్డర్ కలిసే చోట లోపలి వైపు ఉంగరంలా ఇత్తడి పేరుకుంటుంది. దాన్ని డోనట్ అంటారు. బులెట్ అడుగు అక్కడిదాకా దిగితే అది కూడా ప్రెషర్ పెంచుతుంది. పేల్చిన కేస్‌లో కొత్త బులెట్‌ను వేళ్లతో జారవిడిచి చూడండి. అడ్డం లేకుండా దిగాలి. అడ్డుపడితే రీమర్‌తో తీసేయాలి.

ఇత్తడిని నొక్కిన కొద్దీ అది గట్టిపడి, చివరికి నెక్ పగులుతుంది. దీనికి ఎనీలింగ్ చేయాలి, అంటే నెక్, షోల్డర్ వరకు మాత్రమే వేడి చేసి మెత్తబరచడం. ఉష్ణోగ్రత చూపే లక్కను, 750 డిగ్రీల ఫారెన్‌హీట్ రకాన్ని, నెక్ లోపల పూసుకుంటే ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది. నెక్ ఎర్రగా వెలిగేదాకా ఉంచితే అది అతిగా మెత్తబడినట్టే. కేస్ అడుగు భాగానికి మాత్రం వేడి తగలనివ్వకూడదు. రైఫిల్లో ప్రెషర్‌ను ఆపేది ఆ అడుగు ఇత్తడే. అది మెత్తబడిన కేస్ చెత్తలోకే వెళ్లాలి. పొరపాటున కూడా పక్కన దాచుకోకండి.

ఫైర్ ఫార్మింగ్

ఇంప్రూవ్డ్ రకం అయితే మాతృ తూటాను కొత్త ఛాంబర్‌లో పేలిస్తే కేస్ ఉబ్బి కొత్త ఆకారంలోకి వస్తుంది. ఇది పనిచేయాలంటే ఛాంబర్ సరిగ్గా కోసి ఉండాలి. సంప్రదాయ యాక్లీ ఛాంబర్లను మాతృ తూటా గో గేజ్ (హెడ్‌స్పేస్ కనీస కొలత చూసే గేజ్) కంటే నాలుగు వేల వంతులు పొట్టిగా పెడతారు. అందుకే మాతృ తూటా పెట్టి బోల్ట్ మూస్తుంటే నెక్, షోల్డర్ కలిసే చోట కాస్త ఒత్తిడి చేతికి తెలుస్తుంది. ఆ ఒత్తిడి తెలియకుండా బోల్ట్ వదులుగా మూసుకుంటే ఆగండి. కేస్ ముందుకు జరిగి, పేలినప్పుడు అడుగున సాగి పల్చబడుతుంది.

షోల్డర్ పూర్తిగా ముందుకు జరిగే రకాలకు దొంగ షోల్డర్ పద్ధతి ఉంది. నెక్‌ను ముందు ఒక సైజు పెద్దది చేసి, మళ్లీ సరైన సైజుకు నొక్కుతూ రండి. డైని ఒక్కొక్క చిన్న మలుపు దించుతూ, ప్రతిసారీ ఖాళీ కేస్‌ను ఛాంబర్లో పెట్టి చూడండి. బోల్ట్ కాస్త బిగుతుగా మూసుకున్న చోట డైని లాక్ చేయండి. మధ్యలో మిగిలిన ఆ చిన్న మెట్టే కేస్‌ను సరైన స్థానంలో నిలబెడుతుంది.

ఫార్మింగ్‌కు మాతృ తూటా మాన్యువల్లోని మధ్యస్థ లోడ్ చాలు. నిదానంగా కాలే పౌడర్‌ను (మందును) కనిష్ఠం కంటే తగ్గించి మాత్రం వాడకండి, ఊహించని ప్రెషర్లు వచ్చిన సందర్భాలున్నాయి. మొదటి మూడు పేల్చగానే కేస్ లోపల తడిమి చూడండి. పేపర్ క్లిప్ విప్పి, ఒక కొసను చిన్న కొక్కెంలా వంచి, లోపలి గోడ మీద అడుగు నుంచి పైకి లాగండి. అడుగుకు కొంచెం పైన ఎక్కడైనా గాడిలా తట్టిందా, బయట అదే చోట మెరిసే ఉంగరం కనిపించిందా, అక్కడ కేస్ విడిపోబోతోంది. హెడ్‌స్పేస్ సరిచేసే దాకా ఇంకొకటి పేల్చకండి.

ఫార్మ్ అయిన అయిదు కేసుల్లో, పాత ప్రైమర్ తీయకుండా, నీళ్లు అంచు దాకా నింపి తూకం వేయండి. ఖాళీ బరువు తీసేస్తే సామర్థ్యం గ్రెయిన్లలో వస్తుంది. బుడగలు లేకుండా చూసుకోండి. పైన చెప్పిన లెక్కకు ఇదే ఆధారం.

మందు ఎంత వేయాలి

ఇక్కడ నేను ఒక్క అంకె కూడా ఇవ్వను. మీ ఛాంబర్, మీ బ్యారెల్ నాకు తెలియదు. ఇంకెవరైనా ఇచ్చినా తీసుకోవద్దు. పద్ధతి ఇది: అదే బరువు బులెట్‌కు మాతృ తూటా మాన్యువల్లో ఉన్న ప్రారంభ లోడ్‌తో మొదలుపెట్టండి. ఇంప్రూవ్డ్ కేస్ కాస్త పెద్దది కాబట్టి ఆ లోడ్ ఇక్కడ ఇంకా మెత్తగా ఉంటుంది. నెక్‌ను సన్నం చేసిన రకాల్లో బులెట్ వ్యాసం తగ్గింది, కాబట్టి మాతృ తూటా లోడ్ పనికిరాదు. దాదాపు అదే సామర్థ్యం, అదే క్యాలిబర్ ఉన్న ప్రామాణిక తూటా మాన్యువల్ వెతికి, దాని ప్రారంభ లోడ్ కంటే తగ్గకుండా, పెరగకుండా అక్కడే మొదలుపెట్టాలి.

బెంచీ మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. చెక్ వెయిట్‌తో తూకం సరిచూసుకున్నాకే మొదలుపెట్టండి. నింపిన ట్రేను టార్చి లైటుతో పైనుంచి చూసి, అన్నిట్లో పౌడర్ ఒకే ఎత్తులో ఉందా అని చూశాకే బులెట్ కూర్చోబెట్టండి. ఫోను పక్క గదిలో పెట్టండి.

పెంచేటప్పుడు అర గ్రెయిన్ చొప్పున, పైకి పోయిన కొద్దీ ఇంకా తక్కువ మెట్లతో వెళ్లండి. ప్రతి మెట్టుకీ క్రోనోగ్రాఫ్ (బులెట్ వేగం కొలిచే పరికరం) పెట్టండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన హెచ్చరిక వేగమే. చదునైన ప్రైమర్, బరువైన బోల్ట్, ఎజెక్టర్ గుర్తు కనిపించేసరికి ప్రెషర్ అప్పటికే హద్దు దాటి ఉంటుంది. .30-06కు సామి పెట్టిన గరిష్ఠం 60,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఆ హద్దు పైన కూడా ఏ గుర్తూ చూపించని రైఫిళ్లు ఉన్నాయి. కాబట్టి గుర్తులు లేవు కదా అని ధైర్యం తెచ్చుకోకండి. అదే సామర్థ్యం, అదే బ్యారెల్ పొడవు ఉన్న ప్రామాణిక తూటా ఎంత వేగం ఇస్తుందో, మీ వేగం అక్కడికి చేరగానే ఆపేయండి. అర గ్రెయిన్ పెంచితే వేగం పెరగాల్సినంత పెరగకపోయినా, ఒక్కసారిగా ఎగిరినా ఆపేయండి.

ప్రైమర్ మారినా, పౌడర్ లాట్ మారినా, బులెట్ కంపెనీ మారినా కింది నుంచి మళ్లీ మొదలు. చలికాలంలో తయారుచేసిన లోడ్‌ను ఎండాకాలంలో ఒకసారి మళ్లీ పరీక్షించండి. కొన్ని పౌడర్లు వేడికి ప్రెషర్ పెంచుతాయి. ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద తూటాలు వదిలేసి, వెంటనే పేల్చడం ఈ కారణంగానే ప్రమాదం.

పేరు రాయండి

వైల్డ్‌క్యాట్ కేస్ అడుగున మాతృ తూటా పేరే ముద్రించి ఉంటుంది. .30-06 అని రాసున్న కేస్‌లో .25 బులెట్ ఉండొచ్చు. అదే అడుగు ఉన్న కేస్ పట్టే ఇంకో రైఫిల్లో అది దూరిపోవచ్చు కూడా. పెట్టె మీద తూటా అసలు పేరు, ఏ రైఫిల్‌కో, బులెట్, పౌడర్, తేదీ రాసి అంటించండి. ఆ పెట్టె పక్కన వేరే తూటాల పెట్టె పెట్టకండి. బ్యారెల్ మీద ఛాంబర్ పేరు చెక్కించడం గన్‌స్మిత్ పనిలో భాగం, చెక్కకుండా రైఫిల్ తీసుకోవద్దు.

వేటకు

బులెట్ ఎంపికలో క్యాలిబర్ కంటే తగిలే వేగం ముఖ్యం. చాలా వేట బులెట్లు సెకనుకు 1,800 అడుగుల దగ్గర్లో విచ్చుకోవడం మానేస్తాయి. మీ క్రోనోగ్రాఫ్ వేగం తీసుకుని, ఎంత దూరంలో అది ఆ హద్దుకు పడిపోతుందో బాలిస్టిక్ పట్టికలో చూడండి. ఇటు ఇంకో హద్దు కూడా ఉంది. చిన్న జంతువుల కోసం చేసిన పల్చటి జాకెట్ బులెట్‌ను వేగమైన వైల్డ్‌క్యాట్‌లో జింక మీద వాడితే, భుజం ఎముక దగ్గరే పగిలిపోయి జంతువు గాయంతో పారిపోతుంది. ఆ బాధకు కారణం మనమే అవుతాం. ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి గాడుల మెలిక, కూడా చూడండి: 14 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే .22-250 బ్యారెల్ 55 గ్రెయిన్ల బులెట్‌ను బాగానే నిలబెడుతుంది, పొడవాటి బరువు బులెట్లను నిలబెట్టలేదు.

లోడ్ ఖరారయ్యాక వేటకు తీసుకెళ్లే ప్రతి తూటానూ, రేంజ్‌లో, బ్యారెల్ సురక్షితమైన దిక్కుకు పెట్టి, మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌లోకి ఎక్కించి తీయండి. 40 డిగ్రీల షోల్డర్ కొన్ని మ్యాగజైన్లలో సాఫీగా జారదు. అది అడవిలో తెలుసుకోవాల్సిన విషయం కాదు.

దూరం సంగతి: 8 అంగుళాల వృత్తం గీసిన కాగితం పెట్టండి. బెంచీ మీద కాకుండా, మోకాలి మీద, కర్రకు ఆనించి, వేటలో నిజంగా కూర్చునే తీరులో పేల్చండి. రోజుకు ఒక్క గుండు, చల్లని బ్యారెల్‌తో, పది రోజులు. పదికి పదీ ఆ వృత్తంలో పడే దూరమే మీ దూరం. నాది చాలాకాలం 180 గజాలే. 43 అడుగుల వేగం ఎక్కువ రావడం ఆ హద్దును ఒక్క గజం కూడా పెంచలేదు, సాధన పెంచింది.

గుండు తగిలాక జంతువు నిలబడి ఉంటే రెండో తూటా సిద్ధంగా ఉండాలి. పరుగెత్తితే ఎక్కడ నిలబడిందో ఒక చెట్టును గుర్తు పెట్టుకుని, అరగంట ఆగి, రక్తపు జాడ వెంట నెమ్మదిగా వెళ్లండి. దొరికేదాకా వెతకాలి.

తిరిగొచ్చేటప్పుడు ఖాళీ కేస్‌ను జేబులో వేసుకోవడం మర్చిపోకండి. ఇంటికొచ్చాక దాని నెక్ తుడిచి, క్లిప్ కొసతో లోపల తడిమి, దొరికిన బులెట్‌ను తూకం వేసి, దూరం, తగిలిన చోటు, మిగిలిన బరువు, ఆ రోజు వేడి ఎంతో నోటుబుక్కులో ఆ పెట్టె పేజీలోనే రాయండి.